ఉడుత కోసం నేను పడగొట్టిన కొండ

ఆ రోజుల్లో నా మెదడుకీ నోటికీ మధ్య తలుపు ఉండేది కాదు. ఉన్నా దానికి గొళ్ళెం ఉండేది కాదు. ఇంటర్వ్యూలో "నాకు తెలియదు" అనకూడదని ఎవరో చెబితే, ఇంటర్వ్యూ అయి ఉద్యోగం వచ్చాక కూడా అదే నియమం పాటిస్తూ వచ్చాను. పాతికేళ్ళ వయసు, మిషిగన్‌లోని ట్రాయ్‌లో కార్ల బ్రేకులు తయారుచేసే ఒక కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం, అద్దాల మీద మంచు గీకడం నాకింకా సరిగ్గా చేతకాని ఒక సెకండ్‌హ్యాండ్ కారు, వీటన్నిటికీ మించి అంతులేని ధైర్యం. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు ఎంత ఆలోచించినా అంతుపట్టదు. మా తెనాలి నీళ్ళలో ఉందేమోనని మా అన్నయ్యను అడిగితే, "నేనూ ఆ నీళ్ళే తాగాను, నాకు రాలేదే!" అన్నాడు.

ఆఫీసులో మధ్యాహ్నం భోజనానికి ఒక గుండ్రటి బల్ల దగ్గర చేరేవాళ్ళం. అక్కడ ముఖ్యులు ముగ్గురు. మొదటివాడు సూర్యాపేట అన్న. పన్నెండేళ్ళుగా అమెరికాలోనే ఉంటూ క్రికెట్‌ను పూర్తిగా వదిలేసి అమెరికన్ ఫుట్‌బాల్‌లో పడిపోయినవాడు. రెండో ఆయన అంకెలాయన. టెస్టింగ్‌లో పనిచేసే ఈ తెల్లాయన దగ్గర ప్రతి ఆటగాడి వివరాలూ ఒక నీలం ఫైల్లో ఉండేవి. మూడో ఆయన కొండ. బ్రేక్ టెస్టింగ్ విభాగానికి డైరెక్టర్, ఆరున్నర అడుగుల మనిషి, కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడినవాడు. (ఈ పేర్లన్నీ నేను పెట్టుకున్నవే. వాళ్ళు నాకేం పేరు పెట్టారో అడిగే ధైర్యం మాత్రం ఎప్పుడూ చేయలేదు.) నా కాంట్రాక్టు జూన్‌తో అయిపోతుంది. ఆలోగా కొండ నన్ను తన టీమ్‌లోకి తీసుకుంటే ఉద్యోగం పర్మనెంటవుతుంది, వీసా నిలుస్తుంది. లేకపోతే పెట్టె సర్దుకోవాలి. అందుకే ఆయన కూర్చునే బల్ల దగ్గరే నేనూ కూర్చునేదాన్ని.

మార్చి నెలాఖరులో ఒకరోజు అంకెలాయన నా వైపు తిరిగి, "డ్రాఫ్ట్ సంగతి ఏమిటి? నువ్వేమంటావు?" అన్నాడు. నేను పెరుగన్నం మింగి, "నిన్న సాయంత్రమే పంపేశాను, మీ మెయిల్ చూసుకోండి" అన్నాను. అన్న నా చెవి దగ్గరకు వంగి, "చెల్లె, డ్రాఫ్ట్ అంటే నీ రిపోర్ట్ గాదు. కాలేజీ అయిపోయిన ప్లేయర్లను టీములు వరుసగా ఒక్కొక్కల్ని ఏరుకుంటయి. ఏప్రిల్‌ల ఉంటది. మన టీమ్‌కు డిఫెన్స్ వీక్‌గుంది, ఎవర్ని తీసుకోవాల్నని అడుగుతుండు" అన్నాడు. ఇంకెవరైనా అయితే అక్కడితో నవ్వేసి ఊరుకునేవాళ్ళు. నేను మాత్రం తల పంకించి, "అదా! దాని గురించి నాకు కొన్ని అభిప్రాయాలున్నాయి. రేపు చెప్తాను" అన్నాను. అప్పటికి నేను ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ పూర్తిగా చూసి ఎరగను. బంతి కోడిగుడ్డులా ఉంటుందని మాత్రం తెలుసు.

ఆ రాత్రంతా కూర్చుని వీడియోలు చూశాను. అర్థమైనది ఇంతే. అవతలి జట్టులో బంతి విసిరేవాడు ఒకడుంటాడు, వాడి ముందు గోడలా అయిదుగురు నిలబడతారు. ఆ గోడను దాటుకుని, వాడు బంతి విసిరేలోపే వాడిని పడగొట్టాలి. మా టీమ్‌కి కావలసింది సరిగ్గా ఆ పడగొట్టేవాడే. అందుకు పోటీలో ఇద్దరున్నారు. ఒకడు భారీ మనిషి, గోడను దాటడు, గోడనే తోసుకుపోతాడు. వాడిని బల్ల దగ్గర అందరూ బుల్డోజర్ అనేవాళ్ళు. రెండోవాడు వాడిలో మూడొంతులు ఉంటాడు, గోడ పక్కనుంచి వంగి దూరిపోతాడు. వాడికి ఉడుత అని నేనే పేరు పెట్టాను. చూస్తుండగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకంటే ఇది నాకు తెలిసిన ఆటే! నేను హైస్కూల్లో మూడేళ్ళు కబడ్డీ జట్టులో ఎడమ మూల ఆడాను. మూలన నిలబడేవాళ్ళ పని కూతకొచ్చినవాళ్ళ చీలమండ దొరకబుచ్చుకోవడం. ఎదుటి మనిషి కళ్ళూ చేతులూ అబద్ధం చెబుతాయి, మోకాళ్ళు మాత్రం చెప్పవని మా పీటీ మాస్టారు మాకు నూరిపోసేవారు. బుల్డోజర్ మోకాళ్ళు తిరిగే ముందు ఒక్క క్షణం ఆగుతున్నాయి. ఉడుత మోకాళ్ళు ఆగడం లేదు. ఇంకేం కావాలి? నా దృష్టిలో విషయం తేలిపోయింది.

మర్నాడు బల్ల దగ్గర ఆ తీర్పు వినిపించాను. అంకెలాయన నీలం ఫైలు తెరిచి ఉడుత చెయ్యి పొడవు, అరచెయ్యి వెడల్పు, నిలబడి ఎగిరిన ఎత్తు అన్నీ చదివి, "చేతులు పొట్టి. ఇంత పొట్టి చేతులతో ఎవరూ నెగ్గుకురాలేరు" అన్నాడు. (బట్టలు కుట్టేవాళ్ళు కూడా అన్ని కొలతలు తీసుకోరు.) "పరిగెత్తేది చేతులతోనా? మోకాళ్ళు కొలిచారా?" అన్నాను. మోకాళ్ళకు కొలతలు ఉండవన్నాడు. "అయితే మీ ఫైల్లో అసలు సంగతే లేదు" అన్నాను. కొండ తన శాండ్‌విచ్ కింద పెట్టి, "అమ్మాయీ, నేను ఈ ఆట ఆరేళ్ళు ఆడాను. అక్కడ బరువే అన్నీ. ఆ పిల్లవాణ్ణి మొదటి వారంలోనే నేలలోకి తొక్కేస్తారు" అన్నాడు. "మీరు పొరబడుతున్నారు" అన్నాను. అన్న బల్ల కింద నా కాలు తొక్కాడు. నేను కాలు వెనక్కి లాక్కుని ఇంకో పది నిమిషాలు మాట్లాడాను. ఆ చర్చ మూడు వారాలు సాగింది. అంకెలాయన రోజుకో కొత్త పట్టిక తెచ్చేవాడు, నేను రోజుకో వీడియో చూపించేదాన్ని. పక్క బల్లలవాళ్ళు కూడా కుర్చీలు జరుపుకుని వచ్చి చేరేవాళ్ళు. సగం మంది ఉడుత వైపు వచ్చేశారు. పార్కింగ్ లాట్‌లో అన్న ఒక్కడే దిగులుగా, "నీకు దండం పెడ్త చెల్లె, జర ఊకో. ఆయన సంతకం పెడ్తెనే నీకు జాబు. ఆయన్తోటే పెట్టుకుంటవేంది?" అనేవాడు. "అన్నా, నేను చెప్పింది రైటా కాదా?" అనేదాన్ని. "రైటే గనీ..." అని నసిగేవాడు.

డ్రాఫ్ట్‌కి ముందు శనివారం కొండ తన ఇంటి పెరట్లో మాంసం కాలుస్తూ అందరినీ భోజనానికి పిలిచాడు. ఎండ బాగా కాసింది, మిషిగన్ మనుషులు పది డిగ్రీలకే నిక్కర్లు వేసుకొచ్చారు. మళ్ళీ అదే చర్చ మొదలైంది. కొండ చేతిలో బీన్స్, మాంసం నిండిన కాగితం పళ్ళెం పట్టుకుని నవ్వుతూ, "నీ అంత మనిషి నా అంత మనిషిని ఆపగలదా? చెప్పు" అన్నాడు. "ఆపగలను. పళ్ళెం కింద పెట్టి, ఆ మేపుల్ చెట్టు దాకా నన్ను దాటుకుని వెళ్ళండి చూద్దాం" అన్నాను. అందరూ ఘొల్లుమన్నారు. కొండ కూడా నవ్వి, పళ్ళెం కింద పెట్టాల్సిన అవసరమేముందన్నట్టు దాన్ని అలాగే పట్టుకుని బయలుదేరాడు. అక్కడే ఆయన పొరపాటు చేశాడు. నేను చున్నీ నడుముకి బిగించి వంగాను. ఆయన భుజం కుడికి వెళ్తానంటోంది, మోకాలు ఎడమకి వెళ్తానంటోంది. నేను మోకాలి మాటే నమ్మాను. రెండు చేతులా చీలమండ అందుకుని పైకి లాగి, నా భుజాన్ని ఆయన తొడకి ఆనించాను. అంతే. ఒక పెద్ద చప్పుడు. ఆ తర్వాత చూస్తే కొండ పచ్చిక మీద వెల్లకిలా ఉన్నాడు, బీన్స్ ఆయన తెల్ల చొక్కా మీద ఉన్నాయి, ఆయన కాలు ఇంకా నా చేతుల్లోనే ఉంది.

ఆ కాలు ఎప్పుడు వదలాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను. వెనకనుంచి అన్న నీరసంగా, "అయిపాయె. వీసా పాయె" అనడం స్పష్టంగా వినబడింది. కొండ భార్య గబగబా మెట్లు దిగి వచ్చి, భర్త బతికే ఉన్నాడని చూసుకుని, నా వైపు తిరిగి, "పాతికేళ్ళుగా ఆ పని ఎవరైనా చేస్తే బాగుండునని చూస్తున్నాను" అంది. అప్పుడు కొండ లేచి కూర్చున్నాడు. చొక్కా మీది బీన్స్ దులుపుకోకుండానే, "మళ్ళీ చెయ్యి. ఈసారి నాకు కనబడేలా నెమ్మదిగా" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఇంకో మూడుసార్లు పడ్డాడు. చివరిసారి తానే నా ఎత్తుకు వంగి, పట్టు ఎలా పట్టాలో నేర్చుకుని అంకెలాయన మీద ప్రయోగించాడు. నీలం ఫైల్లోని కాగితాలు పక్కింటి కంచె దాకా ఎగిరాయి.

సోమవారం నన్ను తన గదికి పిలిచాడు. కాలికి క్రేప్ బ్యాండేజీ ఉంది. ఆదివారమంతా నేను రాజీనామా ఉత్తరమా, క్షమాపణ ఉత్తరమా ఏది రాయాలో తేలక రెండూ రాసి బ్యాగులో పెట్టుకొచ్చాను. ఆయన కుర్చీ చూపించి, "ఆరు నెలల క్రితం మా బ్రేక్ ఒకటి పరీక్షలో ఫెయిలైంది. దానిలో లోపముందని నా టీమ్‌లో ముగ్గురికి ముందే తెలుసు. నాకు కోపమొస్తుందని ఒక్కరూ నోరెత్తలేదు" అన్నాడు. తర్వాత ఒక కాగితం నా వైపు తోశాడు. "నువ్వు నోరెత్తుతావు. జూన్ నుంచి నా దగ్గర చేరు. నా కాలికి మాత్రం దూరంగా ఉండు." నేను థాంక్యూ అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా! లేదు. "అయితే ఉడుత గురించి ఒప్పుకున్నట్టేనా?" అన్నాను. "బయటికి నడు" అన్నాడు.

గురువారం సాయంత్రం డ్రాఫ్ట్ చూడడానికి అందరం అన్న ఇంట్లో టీవీ ముందు చేరాం. మా టీమ్ వంతు వచ్చింది. పేరు పిలిచారు. బుల్డోజర్ కాదు, ఉడుత కాదు, అసలు పడగొట్టేవాడే కాదు! గోడలో నిలబడేవాణ్ణి ఒకణ్ణి తీసుకున్నారు. మూడు వారాల చర్చ, నీలం ఫైలు, కొండ చీలమండ అన్నీ వృథా. అంకెలాయన మొహానికి సోఫా దిండు అడ్డం పెట్టుకున్నాడు. అన్న అయితే ఇంట్లో ఎవరో పోయినట్టు టీవీ కట్టేసి, "పదండి, బిర్యానీ తిందాం" అన్నాడు. తర్వాత బుల్డోజర్ వేరే ఊరి టీమ్‌లో చేరి పెద్ద స్టారయ్యాడు. ఉడుతను డ్రాఫ్ట్ చివరి రోజైన మూడో రోజు ఎవరో తీసుకున్నారు, రెండేళ్ళు తిరక్కుండా వదిలేశారు. నాకు ఉద్యోగం తెచ్చిపెట్టిన ఆ నమ్మకం మొదటినుంచి చివరిదాకా తప్పే.

ఇప్పుడు కొండ రిటైరయ్యాడు, ఆ టీమ్‌ని నేనే నడుపుతున్నాను. నా దగ్గర ఇప్పుడు రెండు తెరల నిండా అంకెలు ఉంటాయి. మొన్న ఏప్రిల్‌లో కొత్తగా చేరిన ఇద్దరు కుర్ర ఇంజనీర్లు ఎవరో ఆటగాడి పేరు మీద కీచులాడుకుంటూ నా దగ్గరికొచ్చి, "మీరు చెప్పండి, డ్రాఫ్ట్‌లో మనవాళ్ళు ఎవర్ని తీసుకోవాలి?" అన్నారు. నేను కళ్ళజోడు సవరించుకుని, "రెండు వైపులా పాయింట్లున్నాయి, ఇంకొంచెం చూసి చెప్పాలి" అన్నాను. వాళ్ళు మర్యాదగా తలూపి వెళ్ళిపోయారు. వెళ్ళాక నాకే నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకే కాస్త దిగులూ వచ్చింది. పాతికేళ్ళ ఆ అమ్మాయి అక్కడ ఉండి ఉంటే వాళ్ళు ప్రశ్న పూర్తిచేసేలోపే ఒక పేరు చెప్పేసేది. తప్పు పేరే చెప్పేది. చెప్పేసి, ఏ బెంగా లేకుండా పెరుగన్నం డబ్బా మూత తీసుకునేది.