అద్దం పెట్టెలో బాణాలు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూసి నవ్వేదాన్ని. ఇప్పుడూ భయపడి రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను.

అమెరికాలో హెర్న్‌డన్‌కి గంట దూరంలో మాస్టర్స్ చేసేదాన్ని. యూనివర్సిటీ మ్యూజియంలో నాకు అసిస్టెంట్‌షిప్. అది ఉంటేనే చదువు.

స్కిథియన్లంటే గుర్రాల మీద స్టెప్పీ మైదానాల్లో తిరిగిన సంచారులు, మనం చదువుకున్న శకులకు దగ్గరివాళ్లు. వాళ్ల సమాధి ఒకదాంట్లో దొరికిన వస్తువులు మా దగ్గర రెండు పెట్టెల్లో ఉండేవి. 'యోధుడు' అని రాసిన పెట్టెలో ఏడు కంచు బాణపు మొనలు. 'యోధుడి భార్య' అని రాసిన దాంట్లో కంచు అద్దం, పూసలు.

తవ్విన రోజు గీసిన బొమ్మ తీసి చూస్తే ఉన్నది ఒక్కటే అస్థిపంజరం. పక్కన 'స్త్రీ' అని రాసి ఉంది. తల దగ్గర అద్దం, ఎడమచేతి దగ్గర బాణాలు. తర్వాతెవరో ఆఫీసులో కూర్చుని ఆమెకో మొగుణ్ణి పుట్టించారు.

మా పై అధికారి అయిన క్యూరేటర్‌కి చూపించాను. ఆయన బొమ్మ వైపు సరిగ్గా చూడనైనా లేదు. ఆడదానికి బాణాలెందుకు, నీ పని లిస్టు సరిచూడటం వరకే అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఏడు మొనలూ అద్దం పెట్టెలో ఉన్నాయి. నువ్వే మార్చావన్నాడు. వాటిని తనే వెనక్కి పెట్టి, రెండు పెట్టెలకూ టేపు వేసి, టేపు మీద సంతకం చేసి, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం నన్ను పక్కన నిలబెట్టి తెరిచాడు. టేపు చిరగలేదు, సంతకం చెదరలేదు. యోధుడి పెట్టె ఖాళీ. ఏడు మొనలూ అద్దానికి ఎడమవైపు వరసగా ఉన్నాయి.

గదిలో ఉన్న కెమెరా రికార్డింగ్ చూస్తే ఎవరూ లేరు. అయినా నేరం నాదే. ఒప్పుకుంటూ కాగితం రాసిస్తే ఉద్యోగం ఉంచుతానన్నాడు.

"రాసియ్యవే. అసిస్టెంట్‌షిప్ పోతే సెమిస్టర్ ఎట్ల మేనేజ్ చేస్తవ్? ఎప్పుడో చచ్చిపోయినామె కోసం నీకెందుకు?" అంది రూమ్మేట్ శ్రావ్య.

రాయలేదు. నేనే మార్చానని రాస్తే, ఆ మొనలు యోధుడివేనని ఒప్పుకున్నట్టే. లేని మొగుణ్ణి ఆమెకు అంటగట్టడానికి నా సంతకం కూడానా? ఉద్యోగం పోయింది, దాంతో ఆ చదువూ ఆగిపోయింది. ఇప్పుడు ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో అక్క ఇంట్లో ఉండి, వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతున్నాను.

పోయిన వారం క్యూరేటర్ ఈమెయిల్ పెట్టాడు. మొనలు మళ్లీ అద్దం పెట్టెలో కనిపించాయట. నా దగ్గర ఇంకో తాళంచెవి ఉందా అని అడిగాడు. ఆర్కాన్సాలో ఉన్నదాన్ని!

టేపు చిరగకుండా ఏడు మొనలు ఎలా బయటికొచ్చాయో నాకు ఈ రోజుకీ అంతుబట్టలేదు. ఆయనకీ తెలియదు. లేబుల్ మాత్రం మార్చలేదు.