చుక్కల మీదుగా పోని గీత

మా ఎదురింటి టీచరుగారు నిద్రలోనే పోయారండి. ఆ రోజు నేను లేచేసరికి వాళ్ళ వాకిట్లో ముగ్గు లేదు. వెళ్ళి చూసి రమ్మని కోడల్ని తొందరపెట్టాను. "మీకన్నిటికీ కంగారే అత్తయ్యగారూ! ఒక్కపూట ముగ్గెయ్యకపోతే కొంపలంటుకుంటాయా?" అని నవ్వుతూనే వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు దాని మొహం చూసి నేనే ఎదురింటికి నడిచాను.

కంగారు నాకు పుట్టుకతో వచ్చింది. పడవలో గోదావరి లంకకెళ్ళిన కొడుకు చీకటిపడేలోగా రాకపోయినా కంగారే, టీవీలో ఏ దేశంలోనో బాంబులు పడినా కంగారే. నేను చదివింది మూడో తరగతి. టీచరుగారేమో హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. సాయంత్రం కాఫీ గ్లాసుతో మా ఇంటికొచ్చి, వస్తూనే టీవీ సౌండు తగ్గించేసేవారు. "అరుపుల్లో అసలు సంగతి వినపడదు అక్కగారూ" అనేవారు. ఏ గొడవ గురించి చెప్పినా ఆవిడ అడిగేది ఒకటే మాట: "దానికి ముందు?"

ఓ సాయంత్రం టీవీలో కూలిపోయిన ఇళ్ళు చూపిస్తున్నారు. "ఇది మనదాకా వస్తుందా టీచరుగారూ?" అన్నాను.

"రాదని నేనెలా చెప్పను? ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను, రండి."

ముగ్గు డబ్బా పట్టుకుని వాకిట్లో చుక్కలు పెట్టారు. "ఇవి ఊళ్ళనుకోండి. ఈ రెండూ ఒకే నూతి నీళ్ళు తాగుతాయి. మీరైతే గీత ఎలా తిప్పుతారు?"

"చుక్క చుట్టూ తిప్పుతాం. చుక్క మీంచి పోతే ముగ్గెలా అవుతుంది?"

"పాపం, తెల్లదొరలకి ముగ్గులు రావు కదా! ఎక్కడో బల్ల ముందు కూర్చుని స్కేలు పెట్టి గీసేశారు." వేలితో అడ్డంగా ఒక్క గీత లాగారు. చుక్కలన్నీ చెదిరిపోయాయి. "గీసినవాళ్ళు వెళ్ళిపోయారు. నుయ్యి అటుండిపోయింది, చేంతాడు ఇటుండిపోయింది." మళ్ళీ ఆవిడే, "అంతా వాళ్ళ మీదకే నెట్టెయ్యకండి. ఆ గీత పట్టుకుని ఇవాళ జనాన్ని ఎగదోసేవాళ్ళు ఇప్పటివాళ్ళే" అన్నారు.

నా భయం పోలేదు గానీ, దానికి ఓ మొదలుందని తెలిసింది. మొదలు తెలిసిన భయాన్ని పట్టుకోవచ్చు.

ఇంకోసారి సముద్రంలో పడవ నిండా జనం కనిపిస్తే, మావాడు "ఎవడి దేశంలో వాడుండక ఎందుకండీ ఈ చావు?" అన్నాడు.

"మీ ముత్తాతగారు రంగం ఎందుకెళ్ళారు బాబూ?"

రంగమంటే బర్మా దేశంలో రంగూన్. మా వైపు నుంచి ఒకప్పుడు కూలికి ఓడలెక్కి వెళ్ళేవారు.

"ఇక్కడ పనుల్లేకండి."

"మరెందుకొచ్చేశారు?"

"యుద్ధమొచ్చిందంట. అడవుల్లో పడి నడిచొచ్చారంట."

"దారిలో గంజి పోసినవాళ్ళు 'నీ దేశంలో నువ్వుండక' అనుంటే?"

మావాడు ఛానల్ మార్చబోయి రిమోట్ కింద పెట్టేశాడు.

ఈ మాటలు టీవీ వరకే అయితే నేనింతగా తలుచుకోను. గోదావరి మధ్య లంకలో మా అరటితోటలున్నాయి. ఓ ఏడాది వరద మా వైపు ఒడ్డు కోసేసి, ఆ ఒండ్రంతా అవతల గట్టుకి చేర్చింది. అది మాదేనని మావాళ్ళు, మా గట్టుకంటింది కాబట్టి మాదేనని అవతలివాళ్ళు. అరటిగెలలు కోసే కత్తి మావాడు పడవలో పెట్టుకోవడం చూసి ఎదురింటికి పరిగెత్తాను. టీచరుగారు చీర కుచ్చిళ్ళు దోపుకుని అదే పడవెక్కారు. వెనకే నేనూ.

లంకలో అందరూ ఒకేసారి అరిచారు. ఆవిడ ఒక్కొక్కరినీ "దానికి ముందు?" అని అడిగారు. ఒక వరద, దానికి ముందింకో వరద. చివరికి పాత సరిహద్దు రాయి దగ్గరికొచ్చి ఆగారు. దొరల కాలంలో, నది ఇంకోచోట పారుతున్నప్పుడు పాతిన రాయి.

"నది కదిలింది, మీరు కదిలారు. కదలంది ఈ రాయొక్కటే. దీని తరఫున తలకాయలు పగలగొట్టుకుంటారా?" అన్నారు.

అవతలి గట్టు పెద్దాయన తలగుడ్డ విప్పి, "మేడంగారు పరీక్ష పెట్టేశార్రా. ఒక్కడూ పాసవ్వలేదు" అన్నాడు. ముందు నవ్వింది మావాడే.

రెండు గట్లవాళ్ళకీ ఒండ్రు మీద ఇంటికో చుక్క, చుక్కకో వాటా పెట్టించారు ఆవిడ. గీత వాటి చుట్టూ తిరిగింది. నది ఒడ్డు మార్చినప్పుడల్లా అలాగే పంచుకోవాలని మాటనుకున్నారు.

ఈ ఏడు వరదకి లంక మళ్ళీ జరిగింది. పంపకానికి ఆవిడ రావలసిన వారంలోనే పోయారు. శవం లేచేవేళకి అవతలివాళ్ళు రెండు పడవల్లో వచ్చి, పాడెకి భుజం పట్టారు. అయినా నాలుగు రోజులకే మా వీధిలో "ఇంకెవరు చెప్తారు? బలమున్నోడిదే" అన్న మాట మొదలైంది. మావాడు ఆ మాటకి తలూపాడో లేదో నేను చూడలేదు. కత్తి మాత్రం మళ్ళీ పడవలో ఉంది.

పెద్దకర్మ అయిన మర్నాడు, ఆవిడ గుమ్మం పక్కనున్న ముగ్గు డబ్బా తీసుకుని పడవ దగ్గరికెళ్ళాను. "నువ్వెందుకే అమ్మా, కళ్ళు తిరిగి పడతావు" అన్నాడు మావాడు. "పడితే లేపుదువుగాని, ముందు ఆ కత్తి ఒడ్డున పెట్టు" అన్నాను. పెట్టాడు.

లంకలో మళ్ళీ అవే అరుపులు. నేనూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగేశాను: "దానికి ముందు?" చాలాసేపే అడగాల్సి వచ్చింది. ఎండ తలమీదికి వచ్చేసరికి వాళ్ళే ఇళ్ళ పేర్లు చెప్పడం మొదలెట్టారు, నేను చుక్కలు పెట్టాను.

అవతలి పెద్దాయన వంగి చూసి, "మామ్మగారూ, ఓ చుక్క ఎక్కువేశారు" అన్నాడు.

"అది టీచరుగారిది. ఉంచండి."

ఆయన ఉంచమన్నట్టు చెయ్యి ఊపాడు. దాని చుట్టూ కూడా గీత తిప్పాను. పడవ తిరిగి వస్తుంటే వెనక్కి చూశాను. నల్లటి ఒండ్రు మీద తెల్లగా చుక్కలు, ఒక్కదాన్నీ తాకకుండా వాటి మధ్యన మెలికలు తిరిగిన గీత. నీళ్ళింకా అక్కడిదాకా రాలేదు.