ఆంటీ చూపించిన మామిడి పిందె

ఆంటీ పోయారని ఫోన్ వచ్చేసరికి నేను హారిస్ పార్క్‌లో మనవాళ్ల కొట్లో కరివేపాకు ఏరుకుంటున్నాను. అక్కడే నిలబడి ఏడ్చేశాను. మీ దగ్గర దాపరికం ఎందుకు, ఆవిడ కోసం ఏడవడం అదే మొదటిసారి. అంతకు ముందు నాలుగేళ్లూ ఆవిడ మీదే ఏడ్చాను.

ఆదివారాలు మేమిద్దరం ఒక పాత ఇంట్లో వలంటీర్లం. వచ్చినవాళ్లకు ఇల్లు తిప్పి చూపించాలి. ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఇల్లంటారు. మిషన్ సరుకు వద్దని, వందేళ్ల కిందట దూలాల నుంచి తలుపు గడియల దాకా చేత్తోనే చేయించుకున్నారు. చుట్టూ అంతే ముచ్చటగా తీర్చిన తోట. నేను ఆర్కిటెక్చర్ చదివినదాన్ని, ఆ ఇంటి మీద దొరికిన పుస్తకమల్లా తిరగేశాను. ఆంటీ చీరాలలో చేనేత వాళ్ల అమ్మాయి, ఒక్క పేజీ చదవలేదు. అయినా జనమంతా ఆవిడ వెనకే.

మెట్ల పక్క చెక్కమీద వంపు తిరిగిన ఆకులు చెక్కి ఉంటాయి. వాటిలో ఒకదాన్ని చూపించి ఆవిడ "మ్యాంగో" అనేవారు. తన చీర అంచులోని మామిడి పిందెను దాని పక్కన పెట్టి, "టచ్ చేసి చూడండి, హ్యాండ్‌తో చేసింది హ్యాండ్‌కే తెలుస్తుంది" అని ఇంగ్లీషులో చెప్పేవారు.

ఒకసారి అందరి ముందే, "అది పిందె కాదు ఆంటీ, గమ్ చెట్టు ఆకు, మన నీలగిరి" అన్నాను.

"అవునా అమ్మా? మా నాన్న మగ్గం మీద అచ్చు ఇలాంటిదే నేసేవాడే!" అని నవ్వారు. ఆ మగ్గం సంగతేమిటని జనం ఇంకా దగ్గరికి జరిగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వారమే ఆ ఇల్లు చూసుకునే కమిటీకి మెయిల్ పెట్టాను, ఆంటీ పాత చెక్కను అందరిచేతా ముట్టిస్తున్నారని. ఆవిడను తోటపనికి మార్చి, ఇల్లు నాకు అప్పగించారు. ఎవరు చెప్పారని ఆవిడ అడగలేదు. గులాబీల దగ్గర కలుపు తీస్తూ, "చాలా బాగా చెబుతున్నావటమ్మా, గొంతు ఎండిపోయుంటుంది" అని ఫ్లాస్కులోంచి మజ్జిగ పోసేవారు. నా టూర్ అవగానే అందరూ వెళ్లి ఆవిడ చుట్టూ చేరేవాళ్లు. ఆ మజ్జిగ తాగుతూనే కుళ్లుకునేదాన్ని. ఒక్క ఆదివారమైనా, ఆ మెయిల్ నాదే అని చెప్పలేకపోయాను.

మొన్న టూర్‌లో, ఇదివరకు వచ్చి వెళ్లిన ఒక పెద్దావిడ మెట్ల దగ్గర ఆగి, "వేర్ ఈజ్ ద మ్యాంగో?" అంది. గమ్ ఆకు అని చెప్పబోయాను. అంతలోనే ఆగి, ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆంటీ చూపించే ఆకు మీద పెట్టాను. నేనూ తడిమి చూస్తే, చుట్టూ ఆకులన్నీ గరుకుగానే ఉన్నాయి. అదొక్కటే ఆంటీ వేలికి అరిగి, నున్నగా ఉంది.