గడియ పడిన రోజు

మా మామయ్య ఉద్యోగమంతా సిటీ బస్సు కండక్టరుగానే గడిచింది. బస్సు ఎంత ఊగినా ఆయన రాడ్డు పట్టుకుంది లేదు. ఒక చేతిలో టికెట్లు, ఇంకో చేతిలో చిల్లర ఉంటే పట్టుకోవడానికి మూడో చెయ్యేది? పక్క సీటుకు నడుం ఆనించి నిలబడేవారు. ఒక్కసారి కూడా తూలలేదని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఇప్పటికీ చెబుతారు. అంతటి మనిషి, చక్రాలు లేని ఇంట్లో పడ్డారు.

ఆ రోజు గోడలకు రంగులేసేవాళ్లు బాత్రూమ్ పక్కనుండే బీరువాను జరిపారు. మామయ్య ఒక చేత్తో తువ్వాలు, ఇంకో చేత్తో బట్టలు పట్టుకుని స్నానానికి వెళుతున్నారు. అత్తయ్య ఏదో అడిగితే జవాబు చెప్పడానికి ఆగి, అలవాటుగా బీరువాకు నడుం ఆనించారు. అక్కడ బీరువా లేదు. మణికట్టు విరిగింది. మా ఆయన హడలిపోయి మర్నాడే బాత్రూమ్ గడియ ఊడదీసేశారు. ఇకమీదట తండ్రి లోపలున్నంతసేపూ తలుపు ఓరగా తెరిచి ఉండాలి, అత్తయ్య బయట స్టూలు వేసుకుని కూర్చోవాలి.

కట్టు విప్పేశాక కూడా ఈ ఏర్పాటు మారలేదు. మామయ్య మొహం గంటు పెట్టుకుని తిరిగేవారు. స్నానం మాటెత్తితే రేపంటారు, రేపడిగితే తలనొప్పంటారు. నాకు మా ఆయన మీద ఒళ్లు మండిపోయింది. అంత పెద్దాయన్ని చంటిపిల్లాణ్ణి చేస్తే ఎలాగని గట్టిగానే అడిగాను. మళ్లీ పడితే బాధ్యత నీదా అన్నారు.

మణికట్టుకు వ్యాయామాలు చేయించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి కాళ్ల సంగతీ చూసింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, వంటింటి సింకు పక్కన ఒంటికాలి మీద నిలబడడం నేర్పింది. గోడలకు రాడ్లు కూడా బిగించమంది. వ్యాయామాలకు మామయ్య సరేనన్నారు, రాడ్లకు ససేమిరా అన్నారు.

"రాడ్డు ప్యాసింజర్లకమ్మా. కండక్టరుకి కాదు."

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చారు.

"డ్యూటీ దిగి ఎన్నేళ్లయింది? ఇప్పుడు మీరూ ప్యాసింజరే. పట్టుకోండి."

మర్నాడు మామయ్య చెప్పాపెట్టకుండా బయటికెళ్లి, పాత బస్సులు విడగొట్టేచోటు నుంచి స్టీలు రాడ్లు బండిలో వేసుకుని దిగారు. మేస్త్రీ భుజాల ఎత్తున గుర్తు పెడితే చెరిపేశారు. తూలిన ముసలివాళ్ల చెయ్యి పైకి పోదట, నడుం దగ్గరే వెతుక్కుంటుందట. అది ఆయన బస్సులో రోజూ చూసిందే. ఫిజియో అమ్మాయీ తలూపింది. మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ లోపలిదాకా రాడ్డు పడింది. కాళ్లకింద జారే పట్టా బయటికి పోయింది, దారిలో లైటు వచ్చింది. చేతులు ఖాళీగా ఉండాలని తువ్వాలు, బట్టలు ముందే లోపల కొక్కేనికి తగిలించడం మొదలుపెట్టారు.

ఒంటికాలి వ్యాయామానికి గడియారం వద్దన్నారు. సింకు పట్టుకుని కాలెత్తి, తన పాత రూటులో స్టాపులన్నీ వరసగా అరిచేవారు. మొదట్లో రెండో స్టాపుకే కాలు కిందికి దిగేది. అక్కడ దిగిపోయారేం మామయ్యా అని నేను ఏడిపించేదాన్ని. రోజులు గడిచేకొద్దీ మార్కెట్టు దాటారు, రైలుగేటు దాటారు.

ఒక ఆదివారం మా ఆయన్ని పిలిచి ఎదురుగా నిలబెట్టారు. చెయ్యి సింకు మీద వేలికొసలతో ఆనించి కాలెత్తారు. ఆఖరి స్టాపు పేరు చెప్పి, నింపాదిగా కాలు దించారు.

"ఇక గడియ పెట్టరా."

మా ఆయన బజారుకెళ్లారు. అవసరమైతే బయటినుంచీ తీయగలిగే రకం గడియ తెచ్చి తన చేత్తోనే బిగించారు.

మామయ్య రాడ్డు పట్టుకుని బాత్రూమ్‌లోకి వెళ్లారు. తలుపు మూసుకుంది. గడియ పడింది. అత్తయ్య అలవాటుగా స్టూలు మీద కూర్చున్నారు. మేమిద్దరం పనులు మానుకుని చెవులు అటే పడేశాం. నీళ్ల చప్పుడు మొదలైంది. కాసేపటికి లోపల్నుంచి కండక్టరు గొంతు ఖంగుమంది.

"రైట్, రైట్."

అత్తయ్య లేచి, స్టూలు చంకన పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు.