చేదుతిత్తి లేని గుర్రం

ఆ రోజుల్లో పశువుల డాక్టరంటే జనంలో ఎంత గౌరవం ఉండేదో చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. నేను దారిన పోతుంటే పెద్దవాళ్ళు కూడా ఆగి, "అదిగో, గేదెల డాకటేరు పోతన్నాడు" అని పిల్లలకి చూపించేవారు. అరవైల చివర్లో, పట్టా పుచ్చుకున్న పొగరు ఇంకా దిగకముందే, నన్ను విజయనగరంలో ఒక పశువుల ఆసుపత్రికి చిన్నడాక్టరుగా వేశారు. ఆసుపత్రి అంటే ఒక పెంకుల వరండా, పశువుని బిగించి కట్టడానికి ఒక కర్రల చట్రం, ఏ జబ్బుకైనా ఒకే రంగులో ఉండే మందు. వీటన్నిటి మీదా మా పెద్దడాక్టరుగారు. ఆయన చాలా అనుభవజ్ఞులు. జబ్బు పశువు గేటు దాటి లోపలికి వస్తుండగానే కనిపెట్టి, వెనక గదిలోకి వెళ్ళిపోయేవారు. పశువు బతికితే బయటికొచ్చి "నేను చెప్పినట్టే చేశాడు" అనేవారు. చస్తే మాత్రం, "కొత్త కుర్రాడు, నేర్చుకుంటాడు" అని నన్ను వెనకేసుకొచ్చేవారు (ఎంత మంచి మనసో చూడండి).

ఇక నా సంగతి. నాకు తెలియనిది లేదు. ముఖ్యంగా పిత్తాశయం. కాలేజీలో ఆ పాఠం మీద నాకు మంచి మార్కులు పడ్డాయి, అందుకని లోకం బాధలన్నీ అక్కణ్ణించే పుడతాయని నా నమ్మకం. ఆవు కాలేయం చాటున అది బేరిపండులా ఎలా వేలాడుతుందో, కాలేయంలో ఊరిన పైత్యరసం అందులో చేరి ఎలా చిక్కబడుతుందో, కొవ్వు పదార్థం పేగులోకి రాగానే ఎలా ముడుచుకుని ఆ రసాన్ని వదులుతుందో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ (వీళ్ళే ఎక్కువ) చెప్పేవాణ్ణి. నేనద్దెకున్న ఇంటావిడ ఒకరోజు దొడ్లో చేపలు కడుగుతుంటే పక్కన నిలబడి చేప పిత్తాశయం గురించి వివరంగా చెప్పాను. ఆ తరవాత ఆవిడ చేపలు తలుపేసుకుని కడుక్కునేది.

అలాంటి నా దగ్గరికి ఒకరోజు పొద్దున్నే ఈలమావ వచ్చాడు. రైలు స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. చేతిలో కొరడా ఉన్నా వాడేవాడు కాదు, ఈల వేసి గుర్రాన్ని నడిపించేవాడు. అందుకే ఆ పేరు. ఆ రోజు బండి లేకుండా గుర్రాన్ని పట్టుకుని నడిపించుకొచ్చాడు. దానికి దాణా పెడితే నోట్లో కాసేపు తిప్పి ఉండలుగా జార్చేస్తోందట, పక్కటెముకలు బయటపడ్డాయి. జట్కా స్టాండులో ఉన్న మేధావులందరూ కూడబలుక్కుని దాని కడుపులో చేదుతిత్తి (అదే, నా పిత్తాశయం) చితికిపోయిందని, ఇక నాలుగు రోజులని తేల్చేశారట. ఈలమావకి పిల్లల్లేరు. ఇంట్లో ఉన్నది పెళ్ళాం, ఈ గుర్రం. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బతుకుతాదా బాబూ?" అన్నాడు.

పెద్దడాక్టరుగారు అప్పటికే వెనక గదిలో ఉన్నారు. నేను కాంపౌండరు చేత గుర్రం నాలుక పక్కకి పట్టించి నోట్లోకి చూశాను. దవడపళ్ళ అంచులు కత్తుల్లా పెరిగి బుగ్గ లోపలంతా కోసేస్తున్నాయి. ఆకురాయి పెట్టి ఆ అంచులు రాసేశాను. సాయంత్రానికి అది పచ్చగడ్డి పరపరా నమిలింది. ఈలమావ నా కాళ్ళ మీద పడబోయాడు.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? అతణ్ణి కూర్చోబెట్టి, అసలు గుర్రానికి చేదుతిత్తే ఉండదని, లేనిది చితకడం ఎలా కుదురుతుందని వివరించాను. అతను ఒక్కో వేలూ మడవడం మొదలుపెట్టాడు.

"ఆవుకున్నాదా బాబూ?"

"ఉంది."

"మేకకి?"

"ఉంది."

"పందికి?"

"పందికీ ఉంది."

అతను గుర్రం వైపు చూశాడు. ఊళ్ళో అందరి పిల్లలకీ ఉన్నదేదో తన పిల్లకి మాత్రమే లేదని తెలిసిన తండ్రి అలా చూస్తాడు.

మనసులో పెట్టుకోలేక ఆ సంగతి స్టాండులో చెప్పుకున్నాడు. వారం తిరక్కుండా ఊరంతా పాకింది. ఈలమావ గుర్రానికి లోపల ఏదో అవయవం తక్కువట, స్వయంగా డాక్టరే చూసి చెప్పాడట (నోట్లోంచి చూస్తే కడుపులోపల దాకా కనిపించిందని జనానికి నా చూపు మీద అంత నమ్మకం). అవయవలోపం ఉన్న గుర్రం బండి మీద శుభకార్యానికి వెళ్ళకూడదని ఒకరు కనిపెట్టారు. కడుపుతో ఉన్నవాళ్ళు ఎక్కకూడదని మరొకరు చేర్చారు. అప్పుడప్పుడే ఊళ్ళో ఎక్కువవుతున్న రిక్షావాళ్ళు ఈ విజ్ఞానాన్ని నాకన్నా శ్రద్ధగా ప్రచారం చేశారు. ఈలమావ పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టాండులో ఖాళీ బండితో ఈల వేసుకుంటూ కూర్చునేవాడు.

అప్పుడొచ్చింది అతని పెళ్ళాం. అందరూ ఆవిణ్ణి అప్ప (అంటే అక్క) అనేవారు, పెద్దడాక్టరుగారితో సహా. వరండా ఎక్కి నా ఎదురుగా నిలబడింది.

"ఆవుకున్నాది, మేకకున్నాది, ఆకరికి పందికీ ఉన్నాదన్నావంట. మా బంగారుతల్లికి నేదని ఊరంతా సాటింపు ఏయించినావు. ఇపుడు నువ్వే వొచ్చి ఉన్నాదని సెప్పు."

"ఉందని చెప్పేద్దూ, పోయేదేముంది" అన్నారు పెద్దడాక్టరుగారు వెనక గదిలోంచి. నేను ఒప్పుకోలేదు. శాస్త్రాన్ని ఎలా అమ్ముకుంటాను? దానికి బదులు స్టాండుకొచ్చి, ఏ గుర్రానికీ ఉండదన్న సంగతి నలుగురికీ చెబుతానన్నాను. అప్పకి అది నచ్చలేదు గాని, అంతకంటే నాలోంచి ఏమీ రాబట్టలేనని గ్రహించింది.

మర్నాడు జట్కా మెట్టు మీద నిలబడి ఉపన్యసించాను. గుర్రం కొంచెం కొంచెంగా రోజంతా మేసే జంతువనీ, అందుచేత కాలేయంలో ఊరిన పైత్యరసం ఎప్పటికప్పుడు పేగులోకి జారిపోతుందనీ, దాచుకునే తిత్తి దానికి అక్కర్లేదనీ చెప్పాను. జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఒక రిక్షా అబ్బాయి మాత్రం, "ఆవూ రోజంతా మేస్తాది గదా బాబూ, మరి దానికెందుకున్నాదేటి?" అన్నాడు. నా పుస్తకం రాసినాయన కూడా సరిగ్గా అక్కడికొచ్చేసరికి వేరే అధ్యాయంలోకి వెళ్ళిపోయాడు. నేనూ గొంతు సవరించుకుని మెట్టు దిగిపోయాను.

ఫలితం వెంటనే కనిపించింది. అప్పటిదాకా ఈలమావ బండి ఒక్కటే ఎక్కేవారు కాదు. నా ఉపన్యాసం పుణ్యమా అని స్టాండులో ఏ జట్కా ఎక్కడమూ మానేశారు. రిక్షావాళ్ళు కనిపించిన చోటల్లా నాకు దణ్ణాలు పెట్టసాగారు. జట్కావాళ్ళందరూ గుర్రాల్ని తోలుకొచ్చి ఆసుపత్రి ఆవరణలో కట్టేసి, మేతా నీళ్ళూ నువ్వే చూసుకో అన్నారు. పెద్దడాక్టరుగారికి ఆ ఉదయమే అర్జంటుగా పార్వతీపురం వైపు క్యాంపు పడింది.

ఇక గతిలేక గుర్రాల్ని విప్పించి మళ్ళీ బండ్లకి కట్టించి, వాళ్ళతోపాటే స్టేషనుకి వెళ్ళాను. ఏం చెప్పాలో తెలీదు. అప్పుడే రైలు దిగి ఒక పెళ్ళిబృందం బయటికొచ్చింది. ట్రంకుపెట్టెలు, అరటిగెలలు, అందరికన్నా ముందు పెళ్ళికూతురి నాయనమ్మ. రిక్షావాళ్ళు ఆవిడ చెవిలో వేయాల్సింది వేసేశారు. ఆవిడ జట్కాల వైపు ఎగాదిగా చూసి మొహం తిప్పుకుంది. మొగుడి బండి పక్కనే ఉన్న అప్ప వెళ్ళి ఆవిడకెదురుగా నిలబడింది.

"అవునమ్మా, నేదు. మా గుర్రానికి సేదు నేదు. ఆవు కుమ్ముతాది, మేక పొడుస్తాది, కుక్క కరుస్తాది. ఎందుకేటి? ఒంట్లో సేదు దాసుకున్నాయి గనక. ఇది దాసుకోదు. సూడు, కొరడా దెబ్బ తినకుండా నడుస్తాది. పెళ్ళికూతుర్ని సేదు నేని బండిలో తీసుకెల్తావా, సేదున్న మనిసి తొక్కే రిక్షాలో తీసుకెల్తావా? నమ్మకపోతే సదువుకున్న డాకటేరుబాబు ఉన్నాడు, అడుగు."

అందరూ నా వైపు తిరిగారు. నా గొంతులో శాస్త్రం మొత్తం లేచి నిలబడింది. పిత్తాశయానికీ కోపానికీ సంబంధం లేదు. తిత్తి లేకపోయినా గుర్రం ఒంట్లో పైత్యరసం ఊరుతూనే ఉంటుంది. గుర్రం కరుస్తుంది, తంతుంది కూడా. కాలేజీలో ఒకటి నా భుజం పట్టుకుంటే విడిపించడానికి ముగ్గురు కావలసివచ్చారు.

"నిజవేనా నాయనా?" అంది నాయనమ్మ.

ఈలమావ గుర్రం మెడ మీద చెయ్యి వేసి నేల చూపులు చూస్తున్నాడు.

"గుర్రానికి చేదుతిత్తి లేదండి" అన్నాను. అన్నాక ఇంకో ముక్క రాకుండా పళ్ళు బిగించుకున్నాను.

నాయనమ్మ పెళ్ళికూతుర్ని ముందు ఎక్కించి, తనూ ఎక్కింది. ఈలమావ ఈల వేశాడు. ఆ తరవాత పెళ్ళిళ్ళకి చేదు లేని బండే కావాలని కబురుపెట్టి మరీ పిలిపించుకునేవారు. క్యాంపు నుంచి తిరిగొచ్చిన పెద్దడాక్టరుగారు, అలా చెప్పమని సలహా ఇచ్చింది తనేనని ఊళ్ళో చెప్పుకున్నారు.

తరవాత చాలా ఊళ్ళు తిరిగాను, చాలా పశువుల్ని చూశాను, రిటైరయ్యాను. ఎప్పుడైనా ఆ స్టేషను ముందు నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే ముచ్చటేస్తుంది. మొహం కందగడ్డలా చేసుకుని, గొంతు దాకా వచ్చిన పాఠమంతా ఎలా మింగాడో పాపం. మర్నాడు పొద్దున్నే కాంపౌండర్ని కూర్చోబెట్టి, ఒంటెకి కూడా పిత్తాశయం ఉండదని మొదలుపెట్టాడనుకోండి.