బుద్రా గొంతు, సుక్రి ఇంటి సర్వీసు తీగ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, కాఫీ పండ్లు కోసే రోజుల్లో, నన్ను అరకు సెక్షన్‌కు లైన్‌మన్‌గా వేశారు. స్తంభం నుంచి ఇంటికి వెళ్లే సర్వీసు తీగలన్నీ నా పూచీ. ముప్పై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి. అందుకేనేమో, కాయితం మీద లేని మాటను లెక్కచేసేవాణ్ణి కాదు.

ఒక ఉదయం కొండ మీది ఊరి పెద్ద ఫోన్ చేసి సుక్రి ఇంటికి కరెంటు కోసేయమన్నాడు. వెళ్లేసరికి ఊరంతా ఆమె వాకిట్లో ఉంది. విశాఖ నుంచి ఇద్దరు వీడియోల వాళ్లు ఆత్మల గొంతులు రికార్డు చేస్తామని వచ్చి, ముందురోజు మధ్యాహ్నం ఆ ఇంట్లో మైకు పెట్టారట. గరగరల మధ్య ఒక మగగొంతు దొరికింది. అది పోయినేడు జ్వరంతో చనిపోయిన ఆమె భర్త బుద్రాదేనని తేల్చేశారు. చచ్చినవాడు తిరిగొచ్చే ఇంట్లో మనుషులు ఉండకూడదని ఆ ఊరి కట్టుబాటు. సాయంత్రానికి ఇల్లు విప్పేస్తారు. అంతకుముందే కరెంటు తీయాలి.

మా ఇంజనీరు ఏఈ సంతకంతో డిస్కనెక్షన్ ఆర్డరు లేనిదే సర్వీసు కోయకూడదు. ఆర్డరేదీ అన్నాను.

"దెయ్యానికి ఆర్డరేటి బాబూ? బేగి కోసీ" అన్నాడు పెద్ద.

వీడియోల వాళ్లు తమ రికార్డింగు యంత్రానికి చిన్న స్పీకరు తగిలించి ముందురోజు గొంతు మళ్లీ వినిపించారు. మాటలు చితికిపోయాయి గానీ తెలుగే. సుక్రి కొంగు బిగించి ముందుకొచ్చింది.

"మా ఆయనకి మా కువి బాస తప్ప ఇంకో మాట రాదు. సంతలో బేరం కూడా నానే ఆడీదాన్ని. సచ్చినాక ఏ బడికెళ్లి తెలుగు నేర్సినాడేటి?"

జనం నవ్వారు. పెద్ద నవ్వలేదు. సచ్చినోళ్లకి అన్ని భాషలూ వస్తాయన్నాడు.

ఆ మైకు తీగ వాకిలి దాటి రోడ్డుదాకా పాకి ఉంది. అంత పొడుగు తీగ, పైగా తొడుగు చిరిగిన తీగ, రేడియో ఏరియల్‌తో సమానమని, గాల్లో పోయే రేడియో మాటల్ని పట్టేస్తుందని నాకు తెలుసు. చెబితే ఎవరూ వినరనీ తెలుసు. అందుకని ఒకటే అడిగాను: అదే యంత్రం, అదే తీగ, అదే వేళకు ఈ పెద్దాయన ఇంట్లో పెట్టండి. బుద్రా సుక్రి ఇంట్లోనే ఉంటే అక్కడ పలకడు కదా. పెద్ద మీసం దువ్వుకుంటూ ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం పెద్దాయన ఇంట్లో అదే గొంతు పలికింది. ఈసారి స్పష్టంగా, వంగతోటలో పురుగుకు ఏ మందు కొట్టాలో చెప్పింది.

"మరి నీ ఇల్లెప్పుడు విప్పుతాం, మామా?" అంది సుక్రి.

పెద్ద తన ఇంటి పెంకుల వైపు చూశాడు. తర్వాత అది దెయ్యం కాదు, రేడియో అని ఊరికి తనే ప్రకటించాడు. నేను తీగ చుట్టేసరికి గొంతు ఆగింది. సుక్రి ఇల్లు అలాగే నిలిచింది.

నేను నేర్చుకున్నది ఇదీ: దెయ్యం ఉందో లేదో తేలాలంటే, ముందు తీర్పు చెప్పేవాడి ఇంట్లో వెతకాలి.