పేరు లేని చీటీ

నేను ఒకప్పుడు రూపొందించిన పది నియమాల కాగితం ఇప్పటికీ కొన్ని యోగ తరగతుల గోడలపై ఉన్నదని ఈ మధ్య తెలిసింది. వాటిని పెట్టినవారు నా శిష్యులే. వారి ఉద్దేశాన్ని తప్పు పట్టను. కాని ఆ పదింటిలో ఒకదానిని నేను 1980లోనే పూర్తిగా కొట్టివేశాను, రెండింటిని మార్చి రాశాను. దిద్దిన ప్రతి నా బీరువాలో ఉన్నది; దిద్దని ప్రతి గోడల మీద ఉన్నది. ఎందుకు దిద్దవలసి వచ్చిందో రాసిపెట్టకపోతే ఆ తప్పు నాతో ఆగదు. అందుకే ఈ వ్యాసం.

1979లో నేను హనుమకొండలో ఒక ఉన్నత పాఠశాలకు వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. యోగంలో శిక్షణ పొంది, పరీక్ష రాసి, యోగ్యతాపత్రం తీసుకున్నవాణ్ణి. సుబేదారిలో ఒక హాలులో, ఉదయం అయిదున్నర నుండి ఏడింటి వరకు పెద్దలకు తరగతి నడిపేవాణ్ణి. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ఒక ప్లీడరు, వెనుక వరుసలో నలుగురైదుగురు స్త్రీలు, మొత్తం ముప్పై మంది. అయిదున్నర దాటితే తలుపు గడియ పడేది. రోజూ హాజరు తీసేవాణ్ణి. చేరేటప్పుడు ప్రతివారి చేత కేస్ షీట్ నింపించేవాణ్ణి. వయసు, వృత్తి, ఉన్న జబ్బులు రాసే కాగితం అది. ఎవరికి ఏ ఆసనం కూడదో దానిని బట్టి నిర్ణయించేవాణ్ణి.

ఈ ఉదంతానికి సంబంధించిన నియమాలు మూడు. మూడవది: అంటువ్యాధి ఉన్నవారికి ప్రవేశం లేదు. ఏడవది: సాధనకు ముందు నాలుగు గంటలు, సాధన ముగిసేవరకు, నోట ఏదీ పడరాదు. తొమ్మిదవది: తరగతిలో ప్రశ్నలు అడగరాదు. చీటీ మీద రాసి, కింద పేరు పెట్టి, రేకు డబ్బాలో వేయాలి. శనివారం జవాబు చెబుతాను. పేరు లేని చీటీకి జవాబు లేదు. ఈ చివరి షరతుకు కారణం ఉన్నది. మొదట్లో ఎవరో, శవాసనంలో ప్లీడరు గారు తీసే గురక ఏ ప్రాణాయామం కిందికి వస్తుందని చీటీ రాశారు. నేను చూసుకోకుండా పైకి చదివాను. తరగతి అదుపులోకి రావడానికి వారం పట్టింది.

ఆ వానాకాలంలో కొత్తవాడ నుండి కొమురయ్య వచ్చాడు. జంఖానాలు, అంటే నేల మీద పరిచే మందపాటి నూలు తివాచీలు, నేసే మనిషి. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ప్లీడరును 'మీరు' అనే నేను అతణ్ణి 'నువ్వు' అన్నాను. అప్పుడది నాకు తప్పుగా తోచలేదు.

"ఎందుకు నేర్చుకుంటవు? నడుము నొప్పా?"

"నడుము నొప్పి మగ్గం మీద కూసున్నోనికి ఎప్పుడుండేదే సార్. దానికోసం రాలే."

"మరి?"

"మగ్గం మీద చేతులు పని జేత్తయి, కాళ్ళు పని జేత్తయి. కండ్లు నమూనా మీద ఉంటయి. లోపల ఒకడు ఏ పనీ లేక ఖాళీగ కూసుంటడు సార్. వాడెవడో జర చూద్దామని."

ఇరవై ఏళ్ళలో ఆ మాట చెప్పి నా తరగతిలో చేరినవారు మరొకరు లేరు. అందరూ మోకాళ్ళు, అజీర్ణం, నిద్ర పట్టకపోవడం చెప్పేవారు. నేను సంతోషించాను. పైకి మాత్రం కేస్ షీట్ ముందుకు జరిపి, "జబ్బులేమైనా ఉన్నవా?" అన్నాను.

"ఏం లేవు సార్. దూది ధూళికి జర దగ్గొత్తది. గంతే."

'జబ్బులు: లేవు' అని రాసుకున్నాను.

గుంట మగ్గం మీద నేతగాని కాళ్ళు గుంటలోకి వేలాడుతుంటాయి. అందువల్ల మొదట కొమురయ్యకు కాళ్ళు మడిచి కూర్చోవడమే రాలేదు. రెండు నెలలకు పద్మాసనంలో ముప్పావు గంట కదలకుండా కూర్చున్నాడు. కొత్తవాడ నుండి సైకిలు మీద వస్తూ, వానలోనూ ఒక్కరోజూ మానలేదు. బీడీ మానేశాడు. తన మగ్గాన్ని కూడా, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెతో సహా, సాధనలో కలుపుకున్నాడు. "నాడె పోయేటప్పుడు ఊపిరి లోపలికి, దెబ్బేసేటప్పుడు బయటికి సార్. పొద్దు ఎట్ల పోతాందో తెలుత్తలేదు" అన్నాడు ఒకనాడు.

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. మరునాడు తరగతిలో ఇలా చెప్పాను: "ఆసనమంటే ఈ చాప మాత్రమే కాదు. మీ కుర్చీ, మీ మగ్గం, మీ వంటపీట, సాధకుడు ఎక్కడ కూర్చుంటే అదే ఆసనం. అక్కడా ఇవే నియమాలు." చెబుతూ కొమురయ్య వైపు చూశాను. అతను తల ఊపాడు.

పది పన్నెండు రోజుల తరువాత డబ్బాలో ఒక చీటీ వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు. 'పనిల కూసున్నా సాధననే అంటిరి. పొద్దటి మాత్ర ఎప్పుడు మింగాలె.' కింద పేరు లేదు. వెనుక వైపు నీలి గళ్ళు ఉన్నాయి. శనివారం ఆ చీటీని పైకెత్తి చూపించి, "పేరు చెప్పుకునే ధైర్యం లేనివారికి జవాబు తెలుసుకునే హక్కు లేదు" అన్నాను. కింద పేరు లేదని చూశానే గాని, పైన రాసినది చదవలేదు. రిజిస్టరులో పెట్టి మూశాను. కొమురయ్య రెండవ వరుసలో కూర్చుని ఉన్నాడు. తల వంచుకున్నది ఆ రోజు అతనొక్కడే కాదు గనుక నేను ప్రత్యేకంగా గమనించలేదు.

చలికాలం వచ్చింది. కొమురయ్య దగ్గు పెరిగింది. వెనుక వరుసలో సిస్టర్ మార్తమ్మ అని, ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆమె, మోకాళ్ళ నొప్పులకు వచ్చేది. ఒకనాడు తరగతి ముగిశాక ఆగింది.

"సార్, ఆ జంఖానాలాయన దగ్గు నాకు మంచిగ అనిపిస్తలేదు. ఒక్కసారి ఎక్స్‌రే తీయించుకొమ్మని చెప్పండి."

"కేస్ షీట్‌లో జబ్బు లేదని ఉన్నది సిస్టర్."

"కాగితం దగ్గదు సార్. మనిషి దగ్గుతాండు."

"సాధన మొదట్లో కఫం కదులుతుంది. అది మంచిదే."

"కదలనీయండి. కదిలేది కఫమో, ఇంకేందో చూసుకోవద్దా?"

నాకు కోపం వచ్చింది. నా హాలులో నా విద్య గురించి మరొకరు చెప్పడం నాకు అలవాటు లేదు. ఆ వారమే కొమురయ్యకు కుంభకం, అంటే ఊపిరిని లోపల బిగబట్టి నిలిపే అభ్యాసం, ఇంకా పెంచాను. అతను అందరికంటే ఎక్కువసేపు నిలిపేవాడు. విడిచాక ముఖం తిప్పుకుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. దానిని నేను మర్యాద అనుకున్నాను.

1980 వేసవి మొదట్లో అతను వరుసగా మూడు రోజులు రాలేదు. కబురు లేకుండా మూడు రోజులు రానివారి పేరు కొట్టివేయడం పద్ధతి. నాలుగవనాడు స్కేలు పెట్టి ఎర్ర సిరాతో కొట్టివేశాను. ఆ ఉదయమే, తరగతి వదిలిన తరువాత, ఒక స్త్రీ వచ్చి గడప బయట నిలబడింది. కొమురయ్య భార్య సమ్మక్క.

"యోగ సార్ మీరేనా?"

"అవును. కొమురయ్య ఎందుకు వస్తలేడు?"

"దవాఖానల ఉన్నడు. నెత్తురు కక్కిండు." ఆమె గొంతు పెంచలేదు. "మీ యోగ మంచిదే సార్. ఆయనకు బీడీ పోయింది, కోపం పోయింది, పగటి బువ్వ పోయింది. ఇగ మనిషే పోతాండు."

ఆమె చెప్పినది వరుసగా రాస్తాను. నా దగ్గర చేరడానికి రెండు నెలల ముందు కొమురయ్యకు టి.బి. అని తేలింది. వేయవలసిన సూదులన్నీ పూర్తయ్యాయి, కాస్త కోలుకున్నాడు. ఆ తరువాత ఏడాదికి పైగా మాత్రలు మింగవలసి ఉన్నది. రోజూ పొద్దున, తిన్న తరువాత మింగాలని డాక్టరు చెప్పాడు.

"పొద్దుగాల మీ తాన కూసుంటడు. ఇంటికొచ్చి మగ్గమెక్కుతడు. దిగేదాక నోట్లె చుక్క నీళ్ళేసుకోడు. ఏందయ్యా అంటే, ఇది గుడ సాధననే, సార్ జెప్పిండు అంటడు. పొద్దుమూకినంక మల్ల కండ్లు మూసుకొని కూసుంటడు. అటెంక గింత తింటడు. అప్పుడన్న మాత్ర మింగరాదయ్యా అంటే, డాక్టర్ పొద్దుగాలనే మింగుమన్నడు, ఏది పడితే అప్పుడు మింగితె పని జెయ్యదు అంటడు. సీసా నిండ మాత్రలు గట్లనే ఉన్నయి సార్."

"నన్నొక మాట అడగవద్దా?"

"అడుగుమనే జెప్పిన. అడిగిన, సార్ చెప్పలే, అన్నడు."

"నన్ను అడగలేదు" అన్నాను.

"చీటీ రాసిండట గద."

రిజిస్టరు తెరిచాను. చీటీ పెట్టినచోటే ఉన్నది; అందులోని రెండు ముక్కలు అప్పుడు చదివాను. ఆమె అందుకుని వెనక్కి తిప్పింది. చదవడం రాదు గాని, గళ్ళను చూసి గుర్తుపట్టింది. "గిది మా నమూనా కాగితమే" అన్నది. జంఖానాల మీది బొమ్మలను నేతగాళ్ళు ముందుగా గళ్ళ కాగితం మీద గీసుకుంటారు. ముప్పై మందిలో అటువంటి కాగితం ఉండేది ఒక్కడి ఇంట్లోనే. ఆరు నెలల కింద నేను దానిని చేతపట్టుకుని, పైకెత్తి అందరికీ చూపించాను.

ఆ మధ్యాహ్నమే మార్తమ్మను వెంటబెట్టుకుని దవాఖానకు వెళ్ళాను. ఆమె 'నేను ముందే చెప్పాను' అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. వార్డు డాక్టరుతో ఆమే మాట్లాడింది. మధ్యలో మానేసిన మందు తిరిగి పట్టడం కష్టమని, రెండు ఊపిరితిత్తులూ దెబ్బతిన్నాయని అతను చెప్పాడు.

కొమురయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కాళ్ళు మడవబోయాడు.

"వద్దు, పడుకో."

"పడుకుంటె దగ్గొత్తాంది సార్." తువ్వాలుతో నోరు తుడుచుకుని అడిగాడు: "నా పేరు కొట్టేసిన్రా?"

"లేదు" అన్నాను.

"మూడొద్దులకు కొట్టేత్తరు గద."

"నీది కొట్టలేదు. చీటీ మీద పేరు ఎందుకు రాయలేదు కొమురయ్యా?"

"రాత్తె మూడో నియమం ఉన్నది సార్. లోపలికి రానియ్యరు."

"రానియ్యకపోతే పోయేది. ప్రాణం మీదికి తెచ్చుకుంటివి గదా."

"ప్రాణం కోసమైతె ఈ దవాఖాన ఉండె. మీ తానికి గందుకు రాలే." అతను నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది. మార్తమ్మ వీపు పట్టుకుంది. దగ్గు ఆగిన తరువాత మెల్లగా అన్నాడు: "వాన్ని చూసిన సార్."

"ఎవరిని?"

"లోపల ఖాళీగ కూసున్నోడని చెప్పిన గద. ఎవడూ లేడు సార్. ఉత్త జాగ ఉన్నది. మగ్గం ఆగినంక ఇల్లు ఎట్లుంటది, గట్ల. మీరు రోజూ చూత్తనే ఉంటరు, మీకు జెప్పేదేముంది."

నేను తల ఊపాను. అది ఆ రోజు నేను ఆడిన రెండవ అబద్ధం. ఇరవై ఏళ్ళు తెల్లవారుజామున లేచి కూర్చున్నాను. నేను చూసినది గడియారం, వరుసలు, ఎదుటివారి వెన్నెముకలు. అతను చెప్పిన ఆ జాగను నేను ఏనాడూ చూడలేదు. అతను చూసినది నిజమా, జ్వరమా అన్నది నిర్ణయించే అర్హత నాకు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. దానివల్ల సమ్మక్కకు ఒరిగిందేమీ లేదు.

ఇంటికి వచ్చి, కొట్టివేసిన గీత పక్కనే అతని పేరు మళ్ళీ రాశాను. నా రిజిస్టర్లలో కొట్టివేసిన పేరును తిరిగి రాసినది ఆ ఒక్కసారే. అయిదు వారాల తరువాత కొమురయ్య చనిపోయాడు. అప్పటివరకు రోజూ ఆ పేరుకెదురుగా హాజరు వేశాను. అది నియమవిరుద్ధమని తెలిసే వేశాను. మార్తమ్మ పట్టుబట్టి తరగతిలో అందరికీ ఎక్స్‌రేలు తీయించింది. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ అంటుకోలేదు. సమ్మక్క ఆ మగ్గాన్ని విప్పించి, అడుగున ఉన్న గుంటను మట్టితో పూడ్పించింది.

ఆ నియమాలలో అర్థం లేనిది ఒక్కటీ లేదు. అంటువ్యాధి గురించి జాగ్రత్త అవసరమే. ఖాళీ కడుపు అవసరమే. పనిలోనూ సాధన ఉండాలన్నదీ సత్యమే. ఇవన్నీ ఒక మనిషి జీవితంలో ఒకేచోట కలిసినప్పుడు ఏమవుతుందో అడగడానికి ఒక్క దారి ఉండాలి. ఆ దారికి నేను గడియ పెట్టాను. అడిగే మనిషి భయపడుతున్నాడంటే ప్రశ్న పెద్దదని నాకు తట్టలేదు. క్రమశిక్షణను నేను ఇప్పటికీ గౌరవిస్తాను. కాని భక్తితో పాటించేవాడి చేతిలో నియమం ఎంత పదునెక్కుతుందో, అజాగ్రత్తగా పాటించేవారి నడుమ అన్నేళ్ళు గడిపిన నాకు తెలియలేదు.

నా పది నియమాల కాగితం గోడకు ఉన్నవారు మూడవ దానిని ఇలా మార్చుకోవాలి: జబ్బు చెప్పినవారిని పంపివేయరాదు, డాక్టరు అనుమతించేవరకు విడిగా కూర్చోబెట్టి, వారికి తగినదే నేర్పాలి. ఏడవదాని కింద, మందు ఆహారం కాదని, డాక్టరు చెప్పిన వేళకు మింగి తీరాలని, అందుకు సాధన మానవలసివస్తే మానాలని రాయాలి. తొమ్మిదవ దానిని పూర్తిగా కొట్టివేయాలి.

నేను వైద్యుణ్ణి కాను, నేతగాణ్ణి కాను. మందుల సంగతిలోగాని, మగ్గం సంగతిలోగాని, ఇన్నేళ్ళ తరువాత గుర్తుచేసుకున్న మాటలలోగాని పొరపాట్లు ఉంటే తెలిసినవారు దిద్దవలసిందిగా కోరుతున్నాను. ఉత్తరం కింద పేరు రాయకపోయినా సరే. అటువంటి ఉత్తరానికి జవాబు ఎక్కడికి పంపాలో నాకు తెలియదు. కాని దానిని రిజిస్టరులో పెట్టి మూయను.